ప్రయాణం చొక్కా

మా ఆయనకి ప్రయాణం చొక్కా కుట్టనని నేను మొండికేసిన మాట నిజమే. అందరికీ కుట్టిపెట్టే మనిషి కట్టుకున్నవాడికి కుట్టకపోవడమేమిటని మా సంఘంలో ఆడా మగా బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకోనీ. ఒకరి బుగ్గలకి భయపడి కత్తెర పట్టే రకం కాదు నేను.

ముందు ప్రయాణం బట్టలంటే ఏమిటో చెప్పాలి. మాది చిన్న ప్రార్థన సంఘం. మందుల కొట్టు పైన అద్దెకి తీసుకున్న పొడవాటి గదిలో ఆదివారాలు కలుస్తాం. అందరం ఏదో ఒక పని చేసుకుని బతికేవాళ్ళమే. ఈ లోకంలో ఉంటున్నది అద్దెకొంపేనని, అసలు ఇల్లు దేవుడి దగ్గర ఉందని, ఆ ఇల్లు కూలేదీ కాదు ఖాళీ చెయ్యమనేదీ కాదని మా నమ్మకం. అది నోటి మాటగా మిగిలిపోకూడదని మా పాతవాళ్ళు ఒక పద్ధతి పెట్టారు. ప్రతి ఒక్కరూ ఒంట్లో ఓపిక ఉండగానే, ఆ ఇంటికి వెళ్ళేటప్పుడు వేసుకోవాల్సిన తెల్లబట్టలు కుట్టించి పెట్టెలో పెట్టుకోవాలి. ఏడాదికోసారి ఒక ఆదివారం మధ్యాహ్నం అందరం వాటిని తొడుక్కుని నిలువుటద్దం ముందు నిలబడి చూసుకోవాలి. దాన్ని అద్దం ఆదివారం అంటాం.

చెబితే గంభీరంగా ఉంటుంది గానీ ఆ రోజు గదిలోకొచ్చి చూస్తే నవ్వాగదు. బేకరీ నడిపే అన్నయ్య ఏటేటా కాస్త లావవుతాడు. పొట్ట మీద గుండీ పట్టక ఊపిరి బిగబట్టి అద్దం ముందు నిలబడితే, మా ఆయన వెనక నుంచి "అప్పుడు ఊపిరి బిగబట్టడం కుదరదు అన్నా" అనేవాడు. గది గదంతా ఘొల్లుమనేది.

అద్దం ఆదివారానికి ముందు వారమంతా నాకు ఊపిరాడదు. లావైనవాళ్ళకి కుట్లు విప్పి వదులు చెయ్యాలి. చిక్కినవాళ్ళకి లోపలికి పట్టించి బిగుతు చెయ్యాలి. ఇక పెద్దమ్మ గౌనుది వేరే కథ. పెద్దమ్మంటే సంఘంలో అందరికన్నా వయసులో పెద్దది. ఎవరికీ సొంత పెద్దమ్మ కాదు, అందరికీ పెద్దమ్మే. ఆవిడ నడుం ఏటేటా కాస్త వంగిపోతోంది. నడుం వంగితే గౌను వెనక పైకి లేస్తుంది, ముందు నేల మీద జీరాడుతుంది. అందుకని ప్రతి ఏడూ ఆవిడ ముందు అంచు ఇంకాస్త పైకి మడిచి కుట్టేదాన్ని.

ఇంకొక్క నియమం ఉంది. మెడ దగ్గరి గుండీ టైలరు కుట్టకూడదు. మనిషికి వేళ దగ్గరపడిందని తెలిసినప్పుడు, బాగా దగ్గరివాళ్ళెవరైనా ఆ మనిషి చూస్తుండగా కుట్టాలి. కుట్టి, "ఇంటి దగ్గర కలుద్దాం" అనాలి. అంతే. మంత్రమేం కాదు. పనికెళ్తూ ఎవరైనా ఇంట్లోవాళ్ళతో అనే మాటే.

మా ఆయన లిఫ్టు మెకానిక్కు. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, అపార్టుమెంట్లలో లిఫ్టులు మొరాయిస్తే పిలిచేది ఆయన్నే. "పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా జనాన్ని పైకి పంపిస్తూనే ఉంటాను, ఒక్కడూ అక్కడ ఉండిపోడు, అందరూ మళ్ళీ కిందికే దిగుతారు" అని ప్రార్థన అయ్యాక టీ తాగుతూ జోకులేసేవాడు. మనిషి పొడగరి. వెడల్పాటి భుజాలు. లిఫ్టు చెడిపోయిన మేడల్లో సామాన్ల సంచీ వీపున వేసుకుని ఆగకుండా మెట్లెక్కేసేవాడు.

ఆయనకి ప్రయాణం చొక్కా లేకపోలేదు. ఎప్పుడో కుట్టాను. ఆయన పనిచేసే ఒక మేడకి కాపలా ఉండే ముసలాయన పోయాడు. నా అన్నవాళ్ళెవరూ లేరు. మా ఆయన మధ్యాహ్నం ఇంటికొచ్చి పెట్టె తెరిచి తన చొక్కా తీసుకెళ్ళి ఆయనకి తొడిగి వచ్చాడు. నేను ఒంటికాలి మీద లేచాను.

"అడగొద్దూ నన్ను?"

"అడిగితే ఇవ్వమనేదానివే కదా. మధ్యలో తినాల్సిన తిట్లు తప్పాయి నాకు."

"మరి మీ సంగతి?"

"నా పెళ్ళాం టైలరు. పాపం ఆయనకి పెళ్ళామే లేదు."

నా కోపానికి గాలి తీసేశాడు. ఏం చేస్తాను, అలాంటివాడని తెలిసే చేసుకున్నాను. కొత్త తెల్లబట్ట తెచ్చి అరలో పెట్టాను. రేపు మాపు అంటూ పైవాళ్ళ బట్టలు కుడుతూ ఉండిపోయాను. ఈలోగా ఆయనకి తిండి సయించడం మానేసింది.

కడుపులో గడ్డ. పెద్ద డాక్టరు మంచివాడే. కుర్చీ దగ్గరికి లాక్కుని, మా ఇద్దరి వైపూ చూస్తూ, నొప్పి తగ్గించడానికి మందులున్నాయి గానీ జబ్బు తగ్గించడానికి లేవని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇంటికి తీసుకెళ్ళమన్నాడు. ఆసుపత్రి లిఫ్టులో దిగుతుంటే మా ఆయన గోడకి చెవి ఆనించి విన్నాడు. "దీని రోప్ అరుస్తోంది, గ్రీజు పెట్టించుకోమని చెప్పాలి" అన్నాడు. కింద తలుపు తెరుచుకుంటుండగా నా వైపు తిరిగి, "ఇక ఆ చొక్కా సంగతి చూడు" అన్నాడు.

"చూస్తాలెండి" అన్నాను.

నమ్మకం లేక కాదు. ఆ ఇల్లుందని నాకు అనుమానం లేదు. ఇల్లుందని నమ్మడం వేరు, మన మనిషిని ముందు పంపి మనం వెనక ఉండిపోవడం వేరు. సూది దింపితే ఒప్పుకున్నట్టే అనిపించింది. నేను ఒప్పుకోను. కుట్టకపోతే చొక్కా లేదు, చొక్కా లేకపోతే ప్రయాణం లేదు. చిన్నపిల్లల లెక్కే. ఆ లెక్క పట్టుకునే కూర్చున్నాను.

ఆయన అడిగినప్పుడల్లా ఒక వంక చెప్పాను. బట్ట తడిపి ఆరేస్తే గానీ కుట్టకూడదన్నాను. ఆయన వెళ్ళి బట్ట తడిపి, పిండే ఓపిక లేక నీళ్ళోడుతుండగానే తీగ మీద ఆరేశాడు. తెల్లదారం బట్టకి నప్పలేదన్నాను. వీధి చివరి కొట్టుకి ఫోను చేసి ఉన్న తెల్లదారాలన్నీ తెప్పించాడు. తెలుపులో అన్ని రకాలుంటాయని నాకే తెలీదు. చివరికి మిషను బెల్టు జారిపోతోందన్నాను. అది మాత్రం నిజంగానే జారుతోంది. ఆయన మొహం వెలిగిపోయింది.

నా టైలరు కొట్టంటే మా ఇంటి ముందుగదే. మిషను పక్కన నేల మీద కూర్చుని, బెల్టు విప్పి, కాస్త కత్తిరించి, కొక్కెం మళ్ళీ బిగించాడు. చక్రానికి నూనె వేశాడు. ఇంతకుముందు చిటికెలో అయిపోయే పని. ఇప్పుడు మధ్యమధ్య గోడకి జారబడి కళ్ళు మూసుకుంటున్నాడు. నేను ఎవరిదో లంగా అంచు కుడుతున్నట్టు నటిస్తూ చూస్తూ కూర్చున్నాను. సాయం చేస్తే ఊరుకోడు.

"తొక్కి చూడు" అన్నాడు.

తొక్కాను. కొత్త మిషనులా పరిగెత్తింది. ఇంక వంకలు అయిపోయాయి.

మా అమ్మాయి పక్క వీధిలో ఉంటుంది. బస్సుల డిపోలో టికెట్ల కౌంటరులో ఉద్యోగం. ఊహ వచ్చాక ప్రార్థనకి రావడం మానేసింది. నేను చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా రాలేదు. ఆ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, మడత విప్పని బట్ట బల్ల మీద చూసింది. నాన్న లోపల పడుకున్నాడని గొంతు తగ్గించి అడిగింది.

"ఎందుకమ్మా కుట్టట్లేదు?"

"నీకెందుకే? నువ్వు వీటిని నమ్మవు కదా."

"నేను నమ్మను. నాన్న నమ్ముతాడు. ఆయన అడిగేది అదొక్కటే."

"కుడితే పోతాడు."

"కుట్టకపోతే ఉంటాడా?"

నేను బల్ల మీది దారాలు సర్దడం మొదలుపెట్టాను. అది వదల్లేదు. పట్టుదల నా పోలికే.

"అమ్మా, చిన్నప్పుడు నా బొమ్మ పగిలిపోయి ఏడిస్తే కూడా, ఇక్కడివన్నీ పగిలేవే, అక్కడ మన ఇంట్లో ఏదీ పగలదు అని చెప్పింది నువ్వు. ఇప్పుడు నువ్వే చెప్పు. ఆ ఇల్లు ఉందా, లేదా?"

చెంప మీద కొట్టినట్టయింది. సంఘంలో పెద్దలు కూడా నన్నెప్పుడూ అంత సూటిగా అడగలేదు.

"ఉంది" అన్నాను. గట్టిగానే అన్నాను. లోపల ఆయన దగ్గు వినిపించింది. కోపంతో బట్ట దులిపి బల్ల మీద పరిచాను. "ఉందే! ఉంది కాబట్టే కుడుతున్నాను, పో!" అన్నాను. అది పోలేదు. స్టూలు లాక్కుని అక్కడే కూర్చుంది.

ఆ మాటలకి ఆయన గోడ పట్టుకుని మెల్లగా బయటికొచ్చాడు. సుద్ద నా చేతిలో చూసి సంబరపడిపోయాడు. కుర్చీలో కూర్చుని, చిన్నపిల్లాడిలా రెండు చేతులూ చాచాడు.

"కొలత తీసుకో."

టేపు నా మెడలోనే ఉంది. జబ్బు పడ్డాక ఒక్కసారి కూడా దాన్ని ఆయన ఒంటి మీద పెట్టలేదు. కళ్ళతో చూసి మభ్యపెట్టుకోవచ్చు, టేపు దగ్గర ఆ ఆటలు సాగవు.

"అక్కర్లేదు. మీ కొలతలు నాకు నోటికొచ్చు" అన్నాను.

"అవి అప్పటివి కదా?"

"టైలరు మీరా, నేనా?"

చేతులు దించేశాడు. నేను ఆ పాత కొలతలకే గీత గీశాను. ఆ వెడల్పాటి భుజాలకి, ఆ ఛాతీకి, సంచీ మోసే ఆ చేతులకి. మా అమ్మాయి గీతల వైపు చూసి, వాళ్ళ నాన్న వైపు చూసి, మళ్ళీ గీతల వైపు చూసింది. కత్తెర పెట్టాను. ఆ చొక్కా పట్టాలంటే మనిషి మళ్ళీ ఒళ్ళు చెయ్యాలి. దేవుడికి నా మాట ఆ చొక్కాతోనే చెబుదామనుకున్నాను. ఇదిగో, నువ్వు నాకిచ్చిన మనిషి కొలత ఇది. ఇంతకి ఒక్క అంగుళం తగ్గినా నేను పంపను. పళ్ళు బిగించి కుట్టాను. కుట్టు మీద కుట్టు వేశాను. కాజాలు చేత్తో తీశాను. మెడ దగ్గరి గుండీ మాత్రం నియమం ప్రకారం వదిలేశాను. ఆయన దాన్ని తీసుకుని జేబులో వేసుకున్నాడు.

అద్దం ఆదివారం వచ్చింది. మందుల కొట్టు పక్క మెట్ల మీదుగా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి బేకరీ అన్నయ్యా, ఇంకొకాయనా మోసుకెళ్ళారు. "ఈ మేడకి లిఫ్టు పెట్టమని ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నా, విన్నారా?" అని మోసేవాళ్ళనే దబాయించాడు. వాళ్ళు నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. కుర్చీ మరీ తేలిగ్గా ఉండి ఉంటుంది. మా అమ్మాయి కూడా వచ్చింది. లోపలికి రాకుండా గుమ్మం దగ్గర నిలబడింది.

అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. ఆయన వంతు వచ్చింది. నేనే తొడిగాను. లేపి అద్దం ముందు నిలబెట్టాను.

భుజాల కుట్లు మోచేతుల వైపు జారిపోయాయి. చేతుల పట్టీలు వేళ్ళని మింగేశాయి. కాలరు లోపల మెడ సన్నగా, ఒంటరిగా ఉంది. దండెం మీద ఆరేసిన చొక్కాకి తల మొలిచినట్టుంది. బేకరీ అన్నయ్య అటు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు. ఆ క్షణంలో నా పంతం ఎంత గుడ్డిదో నా కళ్ళకే కనపడింది. దేవుడికి చూపిద్దామనుకున్నది ఆయనకి చూపించాను. మీరెంత చిక్కిపోయారో చూసుకోండి అని అద్దం ముందు నిలబెట్టినట్టయింది. నేల తెరుచుకుంటే దూరిపోయేదాన్ని.

పెద్దమ్మ వంగిన నడుంతోనే గుండుసూదుల డబ్బా పట్టుకుని దగ్గరికొచ్చింది. "కంగారు పడకు అమ్మాయ్. వెనకాల కాస్త పట్టిస్తే సరిపోద్ది" అంది మెల్లగా.

"ముట్టుకోకండి!" అని అరిచాను. పెద్దమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆవిడ మీద గొంతు లేపిన మనిషి ఆ గదిలో అంతకుముందు లేదు.

మా ఆయన అద్దంలో తనని తాను చూసుకుంటున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత అద్దంలోంచే నన్ను చూశాడు.

"ఇది ఎప్పటి కొలత?"

అబద్ధం చెప్పే ఓపిక లేదు. "మీరు సంచీ వీపునేసుకుని మెట్లెక్కే రోజులది" అన్నాను.

"ఊఁ." చేతులు పైకెత్తాడు. పట్టీల్లోంచి వేళ్ళ చివర్లు బయటికొచ్చాయి. ఆయన మొహంలో నవ్వు మెల్లగా పైకొచ్చింది. "అయితే సరిగ్గానే కుట్టావు. అక్కడ నేను ఇలా ఉంటానా ఏంటి? ఇలా ఉండే పనైతే అంత దూరం వెళ్ళడం దేనికి?"

"నేను అందుకు కుట్టలేదండీ. మిమ్మల్ని పోనివ్వకూడదని కుట్టాను."

"తెలుసులేవోయ్. ఇన్నేళ్ళు కాపురం చేశా, నీ మొండితనం నాకు తెలీదా?" అన్నాడు. "నువ్వు ఎందుకు కుట్టినా కొలత మాత్రం అక్కడిదే. ఈ గదిలో అందరూ ఇక్కడి ఒంటికి కుట్టించుకున్నారు. నాకొక్కడికే ఆ ఇంటికి తగ్గట్టు కుదిరింది."

పెద్దమ్మ గుండుసూదుల డబ్బా మూత పెట్టేసింది.

ఆయన ప్యాంటు జేబులోంచి గుండీ తీసి అరచేతిలో పెట్టి చాచాడు. "కుట్టు. నిలబడే ఓపిక ఎక్కువసేపుండదు."

నిజం చెప్పాలంటే ఆ మెట్లు ఎక్కేటప్పుడు కూడా, ఆ గుండీ నా చేతికి రానివ్వకూడదనే ఉంది నాకు. ఇప్పుడు తీసుకున్నాను. సూదిలోకి దారం నేనే ఎక్కించాను. చెయ్యి వణుకుతుందని అందరూ చూస్తున్నారు. వణకనివ్వలేదు. ఆ ఇల్లు ఉందన్నాను నేను. గట్టిగా అన్నాను, మా అమ్మాయి ముందు అన్నాను. ఉన్న ఇంటికి మనిషిని పంపేటప్పుడు గుండీ ఊడిపోయేలా కుట్టి పంపుతానా? రెండు పోగుల దారంతో నాలుగు కన్నాల్లోంచీ తీసి, గుండీ కింద దారాన్ని కాడలా చుట్టి, ముడి వేసి, వంగి పంటితో కొరికాను. నా నుదురు ఆయన గడ్డానికి తగిలింది. ఏడుపు వచ్చింది. వచ్చినా నోరు పెగల్చుకుని, గదంతా వినపడేలా అన్నాను.

"ఇంటి దగ్గర కలుద్దాం."

"తొందరేం లేదు. పని ముగించుకుని రా" అన్నాడు ఆయన.

గుమ్మం దగ్గర మా అమ్మాయి రెండు చేతులతో మొహం కప్పుకుంది.

ఎక్కువ రోజులు పట్టలేదు. ఒక పొద్దున, కిటికీలోంచి ఎండ మంచం మీదికి వస్తుండగా వెళ్ళిపోయాడు. ఆయన్ని తయారు చెయ్యడానికి వచ్చినవాళ్ళు చేతుల పట్టీలు లోపలికి మడవబోయారు. మడవొద్దన్నాను. వెనకాల పట్టించబోయారు. పట్టించొద్దన్నాను. మనిషికి కాస్త బాగుంటుంది కదమ్మా అన్నారు. ఆ చొక్కా ఎలా ఉండాలో అలాగే ఉందని, వాళ్ళ పని వాళ్ళని చూసుకోమని చెప్పాను. మొహం మాడ్చుకున్నారు. మాడ్చుకోనీ.

మిషను ఆగితే నేను పడిపోతానని తెలుసు. అందుకే ఆపలేదు. ఆయన బిగించిన బెల్టు ఇంకా జారలేదు. ఏడాది తిరిగింది. అద్దం ఆదివారానికి ముందు వారం పెద్దమ్మ తన గౌను సంచీలో పెట్టుకుని వచ్చింది. నడుం ఇంకా వంగింది. నాతో మాట్లాడాలంటే తల పక్కకి తిప్పి పైకి చూడాల్సి వస్తోంది.

"మళ్ళీ ముందు జీరాడుతోంది అమ్మాయ్. ఇంకాస్త పైకి మడువు" అంది.

గౌను బల్ల మీద పరిచాను. ముందు అంచు దగ్గర ఏటేటా నేను మడిచిన మడతలన్నీ ఒకదాని మీద ఒకటి దిట్టంగా పేరుకున్నాయి. వెనక అంచు మాత్రం మొదట కుట్టినప్పటిలాగే ఉంది.

"పెద్దమ్మా, ఇది కొత్తలో కుట్టినప్పుడు ముందూ వెనకా సమానంగా ఉండేది కదూ?"

"ఉండేది. అప్పుడు నేను నిటారుగా ఉండేదాన్ని."

"మరి అక్కడికెళ్ళాక వంగి నిలబడతారా?"

పెద్దమ్మ తల పక్కకి తిప్పి నన్ను చూసింది. నేను ఆవిడ జవాబు కోసం ఆగలేదు. చిన్న కత్తెర తీసుకుని మొదటి కుట్టు తెంపాను.

ఒక్కో మడతా విప్పుకుంటూ వెళ్ళాను. మా అమ్మాయి ఆ రోజు సెలవని మా ఇంట్లోనే ఉంది. ఇప్పటికీ ప్రార్థనకి రాదు. నేనూ అడగడం మానేశాను. అది లేచి వచ్చి ఇస్త్రీపెట్టె వేడి చేసి, విప్పిన చోటల్లా పాత మడత గీతల మీద నీళ్ళు చిలకరించి రుద్దింది. గీతలు పోయే దాకా రుద్దింది. తర్వాత గౌను రెండు భుజాలూ పట్టుకుని స్టూలెక్కి పైకెత్తి నిలబడింది.

గౌను ముందూ వెనకా సమానంగా, నిటారుగా వేలాడింది. పెద్దమ్మ దాని ముందు నిలబడి, మెడ నొప్పి పుట్టే దాకా పైకి చూసింది.

"ఇంత పొడుగుండేదాన్నా నేను?" అంది.